దిండులో సైకిలు పిల్ల

"మా ఇంట్లో ఆడోళ్ళు పని చేసే అలవాటు లేదు సార్" అని మా ఆయన అష్రఫ్ అంగట్లో ఎవరో కొత్త బేరగాడికి గొప్పగా చెబుతున్నాడు. తెరకి ఇవతల నేను దిండు మూతిలో దూది కుక్కుతున్నాను. పొద్దున్నుంచి అది ఏడో దిండు. ముక్కుకి తడిగుడ్డ కట్టుకుని ఉన్నాను కాబట్టి నవ్వొచ్చినా బయటికి వినపడలేదు. బూరుగు దూది సంగతి తెలుసు కదా, నవ్వినా ఎగురుతుంది, నిట్టూర్చినా ఎగురుతుంది. అందుకని దాని ముందు ఏదీ గట్టిగా చెయ్యకూడదని నేను ఈ ఇంటికొచ్చిన మొదటి నెలలోనే నేర్చుకున్నాను.

పుత్తూరులో మాది పరుపుల అంగడి. దూదేకులవాళ్ళం. ఇంట్లో మాట్లాడేది తెలుగే, పండక్కీ పెళ్ళికీ మాత్రం నాలుగు ఉర్దూ ముక్కలు బయటికి తీస్తాం. అంగడి పెట్టింది మా మామ కాశిం సాహెబ్. ఆయన పోయి చాలా ఏళ్ళయినా బోర్డు మీద 'కాశిం సాహెబ్ అండ్ సన్' అనే ఉంది. కాళ్ళూ చేతులూ విరిగి కట్టు కట్టించుకోవడానికి మా ఊరికి ఎక్కడెక్కడినుంచో జనం వస్తారు. పోతూ పోతూ ఒక గట్టి పరుపు కొనుక్కుని పోతారు. ఇక పెళ్ళిళ్ళ కాలంలో సారె పరుపులు, సారె దిండ్లు. ముందు అంగడి, వెనక ఇల్లు, మధ్యలో ఒక నీలం తెర. పరుపులు నింపి దబ్బనంతో కుట్టేది అష్రఫ్. సంచులు మిషను మీద కుట్టడం, దిండ్లు నింపడం, మూతులు చేత్తో కుట్టి మూసెయ్యడం నా పని. కానీ నాది పని కాదు. "ఊరికే కూర్చోకుండా ఏందో ఒకటి చేస్తా ఉంటాది" అంటుంది మా అత్త వచ్చినవాళ్ళతో. ఆవిడ ఆ మాట మెచ్చుకోలుగానే అంటుంది. అదే నాకు ఒళ్ళు మండుతుంది.

సరే, నేను చెప్పదలుచుకున్నది పుస్తకాల గురించి.

మా షబ్రీన్ ఎనిమిదో తరగతిలో ఉండగా బడి లైబ్రరీ నుంచి ఒక ఇంగ్లీషు కథల పుస్తకం తెచ్చింది. ఎవరో దాత అలమారెడు పుస్తకాలు ఇచ్చాడట, అన్నీ పదిహేను పదహారేళ్ళ పిల్లల కోసం రాసినవే. ఒక్కో పిల్ల ఒక్కోటి తీసుకుపోవాలని టీచరమ్మ ఆజ్ఞ. షబ్రీన్ రెండు పేజీలు చదివి పక్కన పారేసింది. దానికి లెక్కలంటే ప్రాణం, కథలంటే నిద్ర. అట్టమీద ఒక అమ్మాయి సముద్రం వైపు చూస్తూ నిలబడి ఉంది. పిల్ల చేతికి ఎట్లాంటి పుస్తకం ఇచ్చారో చూద్దామని తెరిచాను. నా చదువు పదో తరగతి, అదీ తెలుగు మీడియం. నా ఇంగ్లీషు మందు సీసాల దాకా, బస్సు బోర్డుల దాకా. కానీ ఆ పుస్తకంలో మాటలు చిన్న చిన్నవి. అందులో పిల్ల తన సంగతి తానే చెబుతోంది. "నాకు ఈరోజు ఎవరితోనూ మాట్లాడాలని లేదు" అని మొదలుపెట్టింది. తెలియని మాటలు షబ్రీన్‌ని అడుగుతూ, అది విసుక్కుంటే వదిలేస్తూ, వేలు పెట్టుకుని చదువుకుంటూ పోయాను. అన్నం మాడింది. మాడు వాసన అంగడిదాకా పోయింది గానీ నా ముక్కుకి చేరలేదు.

ఆ తర్వాత షబ్రీన్ తెచ్చింది తెచ్చినట్టు చదివాను. అది ఇంటరుకి వచ్చినా నా అదృష్టం కొద్దీ ఆ కాలేజీ లైబ్రరీలోనూ అవే రకం పుస్తకాలు ఉన్నాయి. వాటి పేర్లు నాకు గుర్తుండవు. చెవిటి పిల్ల పుస్తకం, అవ్వతో పోట్లాడే పిల్ల పుస్తకం, ఈత పోటీ పిల్ల పుస్తకం అని నా లెక్క నాది. ఎందుకంత ఇష్టమే అని ఎవరైనా అడిగి ఉంటే చెప్పేదాన్ని, కానీ ఎవరూ అడగలేదు కాబట్టి ఇక్కడ చెబుతున్నాను. ఆ పుస్తకాల్లో పిల్లలకి అన్నీ మొదటిసారి జరుగుతాయి. మొదటిసారి ఒక్కతే రైలెక్కుతుంది. మొదటిసారి స్నేహితురాలితో మాట పట్టింపు వస్తుంది, ఆ ఒక్క పట్టింపు మీద యాభై పేజీలు రాస్తారు. ఒక పిల్ల మనసు నొచ్చుకుంటే దానికి యాభై పేజీలు! మా ఇంట్లో నేను నొచ్చుకున్న సంగతి కూరలో ఉప్పు ఎక్కువైతే తప్ప ఎవరికీ తెలియదు. ఆ పిల్లలకి కోపం వస్తే గదిలోకి పోయి ధడాల్న తలుపేసుకుంటారు. నాకు ఆ తలుపు శబ్దం ఎంత ఇష్టమో. మా ఇంట్లో వేసుకోవడానికి తలుపు లేదు, తెర ఉంది. తెరని ఎంత విసురుగా లాగినా గాలికి కదిలినట్టే ఉంటుంది.

ఇంకోటి, ఆ కథలు పెళ్ళితో అయిపోవు. అబ్బాయి ఉంటే ఉంటాడు, మంచివాడే అయి ఉంటాడు, అయినా చివరి పేజీలో ఆ పిల్ల ముందర ఇంకా బోలెడంత జీవితం ఉంటుంది. నాకు పదహారో ఏట బడి మాన్పించారు, పదిహేడో ఏట పెళ్ళి చేశారు. మా వాళ్ళు చెడ్డవాళ్ళు కారు, అష్రఫ్ కూడా చెడ్డవాడు కాదు. కానీ ఆ పదహారూ పదిహేడూ నాకు దొరకలేదు, ఎక్కడో బస్సులో మర్చిపోయిన సంచిలా అయిపోయాయి. ఈ పుస్తకాలు చదువుతున్నప్పుడు ఆ వయసు ఇట్లా ఉంటుందన్నమాట అని తెలుస్తుంది. చదువుతుంటే నాకు ఏడుపు వచ్చేది ఆ వయసు పోయినందుకు కాదు, సంతోషానికే వచ్చేది.

ఆ ఏడుపే కొంప ముంచింది. ఒకరోజు ఈత పోటీ పిల్ల గెలిచేసరికి మిషను ముందు కూర్చుని కళ్ళు తుడుచుకుంటున్నాను. అష్రఫ్ చూశాడు. పుస్తకం తిరగేసి అట్ట చూశాడు. "ఇది పిల్లకాయల పుస్తకం గదే వహీదా! దీనికి ఏడస్తాండావా?" అని పగలబడి నవ్వాడు. అక్కడితో వదిలితే బాగుండేది. సత్యవేడులో మా ఆడబిడ్డ ఇంటికి పోతే అక్కడా చెప్పాడు. "మా ఇంట్లో ఇద్దరు పిల్లకాయలుండారు. చిన్నది ఇంటరు, పెద్దది ఆరో తరగతి" అని నావైపు చూపించాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అత్త మాత్రం నవ్వలేదు. "పెళ్ళీడు కూతుర్ని పక్కన పెట్టుకుని ఈ వయసులో ప్రేమ కథలేందే, ఎవురన్నా వింటే బాగుంటాదా" అంది. అప్పట్నించీ నేను మానేశానని చెప్పాను. పుస్తకాలు షబ్రీన్ పేరుమీద వస్తున్నాయి, షబ్రీన్ పేరుమీద పోతున్నాయి. ఇంగ్లీషు బాగుపడుతుందని వాళ్ళ నాయన సంబరపడుతున్నాడు. నేను మిషను మీద గుడ్డ కింద పెట్టుకుని ఒక కుట్టుకి ఒక పేరా చొప్పున చదువుకుంటున్నాను. అత్త చెప్పుల చప్పుడు వినపడితే దొరికినచోట దూర్చేస్తాను. దూదిలో, సంచుల్లో, సగం నింపిన దిండులో.

ఇక సైకిలు పిల్ల సంగతి. షబ్రీన్ ఇంటరు అయిపోయింది. తిరుపతిలో ఆడపిల్లల కాలేజీలో డిగ్రీ సీటు వచ్చింది, హాస్టలు కూడా వచ్చింది. అష్రఫ్ అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. "టీసీ తెచ్చుకోనీ, సూద్దాం" అన్నాడు. లైబ్రరీ పుస్తకాలు అన్నీ ఇచ్చేస్తే గాని టీసీ ఇవ్వరు. అన్నీ ఇచ్చేశాం, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ నేను పట్టుకుని కూర్చున్నాను. అదే ఆఖరి పుస్తకమని, ఇకమీదట తెచ్చిపెట్టేవాళ్ళు ఉండరని తెలిసి, తొందరగా అయిపోకుండా చదువుతున్నాను. అందులో పదిహేనేళ్ళ పిల్ల, చెప్పకుండా ఇల్లు వదిలిపోయిన వాళ్ళ నాయన్ని వెతుక్కుంటూ సైకిలు మీద పోతుంది. దారిలో ఒక అబ్బాయి కలుస్తాడు. అట్టమీద ఆ పిల్ల సైకిలు తొక్కుతుంటే వెనకాల ఆ అబ్బాయి పరిగెత్తుతున్నట్టు బొమ్మ.

మా ఊరి జయరామ్ కూతురు లోహిత పెళ్ళి. వడమాలపేటలో ఇస్తున్నారు. ఎర్ర శాటిను పరుపు, నాలుగు దిండ్లు చెప్పారు. పెళ్ళి దిండ్లు రాయిలా నింపాలి, మెత్తగా ఉంటే మేం దూది మిగుల్చుకున్నామంటారు మగపెళ్ళివాళ్ళు. నేను మూడు దిండ్లు నింపి, నాలుగోదాని మూతి తెరిచిపెట్టుకుని, ఒక్క పేజీ అనుకుని పుస్తకం తీశాను. పిల్ల వంతెన దగ్గరికి వచ్చింది. వంతెన అవతలి ఊళ్ళో వాళ్ళ నాయన ఉన్నాడు. సరిగ్గా అప్పుడు "వహీదా! జయరామోళ్ళు బండి తెచ్చినారు, టీ పెట్టు" అని అత్త గొంతు, వెనకే చెప్పుల చప్పుడు. చేతిలో ఎర్ర దారం ఎక్కించిన సూది ఉంది. గుర్తుకోసం ఆ సూదినే పేజీకి గుచ్చి, దారం రెండు చుట్లు చుట్టి, దొరికిన పచ్చగుడ్డ పీలిక లోపల పెట్టి, పుస్తకాన్ని దిండులోకి తోసేశాను. సూదిని గుర్తుగా పెట్టుకోవడం నా అలవాటు. పేజీ పోదు, సూదీ పోదు.

టీ పెట్టాను. వచ్చినవాళ్ళు ఆరుగురు, మళ్ళీ పెట్టాను. తిరిగి వచ్చేసరికి గదిలో దిండ్లు లేవు. మా అత్త గోడకి ఆనుకుని వేళ్ళు రుద్దుకుంటోంది. "బండోడు తొందర పడతా ఉంటే మిగిలింది నేనే గట్టిగా కుక్కి, మూతి కుట్టేసినాలే. నీకు రవ్వంత సాయం చేద్దామని" అంది. ఇరవై అయిదేళ్ళలో ఆవిడ నాకు సాయం చెయ్యడం అదే మొదలు. నాకు ఎంత ముద్దొచ్చిందంటే "అయ్యో ఎందుకత్తా" అని వేళ్ళకి కొబ్బరినూనె రాసి పెట్టాను. పుస్తకం సంగతి సాయంత్రం దాకా గుర్తే రాలేదు.

గుర్తొచ్చినప్పుడు ముందు నాకు తట్టింది టీసీ కాదు. వంతెన అవతల ఏమైందో తెలియకుండా పోయిందే అని. నిజం చెప్పాలి కదా. టీసీ ఆ తర్వాత తట్టింది.

షబ్రీన్‌కి చెబితే అది ముందు నోరు తెరిచి చూసి, తర్వాత చాపమీద పడి దొర్లి నవ్వింది. "అమ్మా, నీ సైకిలు పిల్లకి పెళ్ళయిపోయింది! సారెతో బాటు అత్తగారింటికి పోయింది!" అంది. నవ్వి నవ్వి లేచి కూర్చుని, "మరి నా టీసీ?" అంది. అదే పుస్తకం కొనిద్దామంటే ఎక్కడా దొరకడం లేదట. కొత్తగా పెళ్ళయిన ఇంటికి ఫోను చేసి, మీ కోడలి దిండు కోసి చూడండి అని ఎట్లా చెప్పడం? రోజూ వాళ్ళ నాయన "టీసీ ఏమైంది?" అంటాడు. రోజూ అది "క్లర్కు రాలా నాయనా" అంటుంది. సీటు ఖాయం చేసుకునే గడువు దగ్గరపడుతోంది. నేను చదివిన పుస్తకాల్లో ఎక్కడా తల్లి చదువు వల్ల కూతురి చదువు ఆగిపోలేదు. నా ఇంట్లో ఆగేటట్టుంది.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం అంగడి ముందు ఆటో ఆగింది. నేను తెర సందులోంచి చూశాను. ముందు లోహిత అత్త మునెమ్మ దిగింది, తర్వాత కొడుకు రూపేష్, ఆఖరికి లోహిత, పసుపు తాడు ఇంకా కొత్తగా మెరుస్తోంది. రూపేష్ చంకలో కోసిన దిండు. మునెమ్మ చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి, దాన్ని ఒంటికి తగలకుండా చెయ్యి చాచి దూరంగా పట్టుకుంది. సంచి నిండా వేపాకు.

"ఏమప్పా అష్రఫూ, మీ నాయన కాలం నించీ మీ అంగడి దిండ్ల మీదనే గదా మేం తల పెట్టేది. ఇట్ల చేస్తారా?" అంది మునెమ్మ. అని ఆ సంచిని బల్లమీద బోర్లించింది. వేపాకుల మధ్య సైకిలు పిల్ల పడింది.

"సూడు! సూది గుచ్చిండారు. ఎర్ర దారం చుట్టిండారు. పచ్చ గుడ్డ పెట్టిండారు. లోపలంతా ఇంగిలీసులో ఏందేందో రాసిండాది. ఈ చేతబడి ఎవురు పెట్టించినారో నాకు తెలుసు, మా తోడికోడలే. నా కోడలు ఇంట్లో అడుగు పెట్టిన కాణ్ణించి దానికి కడుపుమంట. నీకేం ఇచ్చింది, చెప్పు?"

"అమ్మా అమ్మా, ఏం మాటలివి. మా అంగట్లో అట్లాంటివి జరగవు" అంటున్నాడు అష్రఫ్. చెమటలు పట్టాయి పాపం. రోడ్డుమీద పోతున్న ఇద్దరు ముగ్గురు ఆగారు. ఆయన పుస్తకం చేతిలోకి తీసుకుని తిరగేశాడు. అట్ట చూశాడు. లోపల కాలేజీ ముద్ర, కింద కాగితంమీద షబ్రీన్ పేరు. ఆయన మొహంలో భయం పోయి కోపం వచ్చింది.

"షబ్రీన్! ఇట్ల రా!"

అది వచ్చి నిలబడింది.

"ఇదా నువ్వు చదివే చదువు? సైకిళ్ళు, పిలగాళ్ళు! చదివేది గాక పెళ్ళి దిండులో దాస్తావా? టీసీ రాలా, క్లర్కు రాలా అంటే ఇదా కథ? ఇంట్లో ఉండి అంగడి పరువు తీసినావు, హాస్టల్లో ఉంటే ఇంకేం తీస్తావో. తిరపతీ వద్దు, ఏమీ వద్దు."

నేను తెర పట్టుకుని ఉన్నాను. షబ్రీన్ ఒక్కసారి తెరవైపు చూసింది. నువ్వు రావద్దు అన్నట్టు చూసింది. చూసి, "నాదే నాయనా. దాచిపెట్టింది నేనే" అంది.

ఎందుకు అందో నాకు తెలుసు. సత్యవేడులో ఆరో తరగతి అని అందరూ నవ్విన రోజు అది నా పక్కనే కూర్చుని ఉంది. మళ్ళీ నన్ను చూసి ఎవరూ నవ్వకూడదని తన సీటు వదులుకుంటోంది పిచ్చిపిల్ల. ఇన్నేళ్ళూ చదివానే, ఏ పుస్తకంలోనూ తల్లి సమయానికి రాదు. పిల్లలే పడీ లేచీ అన్నీ చక్కబెట్టుకుంటారు. తల్లులు వంటింట్లో ఉంటారు, తెల్లారి అన్నీ అయిపోయాక "ఏమైందే" అంటారు. వాళ్ళని చూస్తే నాకు చిరాకు. నేనెప్పుడూ పిల్ల వైపే ఉండి చదివేదాన్ని, నేనే ఆ పిల్లని అనుకునేదాన్ని. ఈ కథలో పిల్ల అక్కడ బల్ల ముందు తలవంచుకుని ఉంది. తెర వెనక ఉన్న తల్లిని నేను.

తెర లాగాను. ముక్కుకి గుడ్డ, నెత్తినిండా దూది, అట్లాగే అంగట్లోకి వచ్చాను. బేరగాళ్ళు ఉన్నప్పుడు నేను ఆ గడప దాటి రావడం అదే మొదటిసారి.

"ఆ పుస్తకం నాది" అన్నాను.

అష్రఫ్ ముందు నన్ను కాదు, వీధిలో జనాన్ని చూశాడు. "లోపలికి పో మే, నేను మాట్లాడతాండాను గదా" అన్నాడు మెల్లగా.

"నాది. నేనే చదవతాండాను. నేనే దిండులో పెట్టినాను. ఆ సూది నాది, ఇదిగో దాని జత" అని జాకెట్టుకి గుచ్చుకున్న సూది తీసి బల్లమీద పెట్టాను. "ఆ ఎర్ర దారం జయరామన్న పరుపుకి తెచ్చిందే. ఆ పచ్చ గుడ్డ వేరే దిండుది. నేను చదివిన కాడికి గుర్తు పెట్టుకున్నానమ్మా, ఇంకేం లేదు. ఈ అంగట్లో దిండ్లన్నీ నేనే కుడతాను. సంచి నేనే, దూది నేనే, మూతీ నేనే. ఈ ఒక్క మూతి మా అత్త కుట్టింది, నాకు సాయం చేద్దామని."

మునెమ్మ అష్రఫ్‌ని చూసింది. "మా ఇంట్లో ఆడోళ్ళు పని చెయ్యరు అంటా ఉంటివే?" అంది. మా ఆయన ఎప్పుడో ఆవిడకీ ఆ గొప్ప చెప్పినట్టున్నాడు.

కానీ పుస్తకం మాత్రం నాదని ఎవరూ నమ్మలేదు. "తల్లి గదప్పా, బిడ్డను ఎనకేసుకొస్తాది" అంది మునెమ్మ, నామీద జాలిగా. "నీకు ఇంగ్లీషు యాడొచ్చు?" అన్నాడు అష్రఫ్. అత్త కూడా లోపల్నుంచి వచ్చి నిలబడింది. "ఎప్పుడో మానేసిందిగా" అంది. చేతబడి కాదని ఆవిడ నమ్మాలి, షబ్రీన్‌ది కాదని ఈయన నమ్మాలి. సరే, కథ చెబుతాను వినండి అని మొదలుపెట్టాను. ఒక పిల్ల, పదిహేనేళ్ళు, వాళ్ళ నాయన చెప్పకుండా పోయాడు, తల్లి ఆయన ఊసెత్తనివ్వదు, ఆ పిల్ల పాత సైకిలు బాగు చేసుకుని ఒక్కతే బయల్దేరింది. మునెమ్మ చుట్ట చుట్టిపెట్టిన పరుపు మీద కూర్చుంది. "ఒక్కతేనా? తల్లికి చెప్పకుండానా?" అంది. "చెబితే పోనీదు గదమ్మా" అన్నాను. "అదీ నిజమే" అంది. వాన గురించి, దారిలో కలిసిన అబ్బాయి గురించి చెప్పాను. వాడికి తొక్కడం రాదు, అందుకే వెనకాల పరిగెత్తుతాడు. అష్రఫ్ అట్టమీద బొమ్మని మళ్ళీ చూశాడు. అట్లా వంతెన దాకా వచ్చాను.

"వంతెన కాడ సైకిలు ఆపింది. అవతల వాళ్ళ నాయన ఉండే ఊరు" అన్నాను.

అప్పటిదాకా తలెత్తని లోహిత ఒక్కసారిగా, "అవునక్కా! అవతలికి పోతే వాళ్ళ నాయన..." అంది.

"చెప్పొద్దు!" అని అరిచాను.

ఎంత గట్టిగా అరిచానంటే ఎదురుగా టీ కొట్టువాడు గరిటె పట్టుకుని బయటికి వచ్చాడు. నా రెండు చేతులూ చెవులమీద ఉన్నాయి. "చెప్పొద్దు లోహితా, నీకు పుణ్యముంటాది! నేనింకా చదవలా! వారం నించీ అన్నం సయించలా నాకు, వంతెన కాడ ఆగిపోయిండాను!"

నా జుట్టులోంచి దూది లేచి గాల్లో తిరుగుతోంది. ముందు నవ్వింది మా అత్త. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని భుజాలు కదిలేట్టు నవ్వింది. "నిజంగా దీనిదే రా అష్రఫూ. ఇది దీనిదే" అంది.

అష్రఫ్ నావైపు చూస్తున్నాడు. ఇంగ్లీషు చదివి చూపించి ఉంటే కూడా ఆయన అంత నమ్మేవాడు కాదు. పుస్తకాన్ని మెల్లగా నావైపు జరిపాడు.

మునెమ్మకి మాత్రం ఇంకో అనుమానం వచ్చింది. "నువ్వు ఎప్పుడు సదివినావే?" అని కోడలి వైపు తిరిగింది. లోహిత మొహం ఎర్రబడింది. "తల కింద గట్టిగా ఉంటే కుట్టు విప్పి చూసినానత్తా. ఊరికే ఒక పేజీ అనుకున్నా. అయిపోయినాక సూది ఉండిన కాడనే గుచ్చి, మళ్ళీ లోపల పెట్టి కుట్టేసినా. నా కుట్టు సరిగా లేక దూది రాలింది, అందుకే గదా మీరు దిండు కోసింది" అంది. చెబితే ఏమంటారో అని చేతబడి మాట వచ్చినప్పుడు కూడా నోరు మెదపలేదట. మెట్టినింటికి పోయి వారం, అప్పుడే ఆ పిల్ల కూడా దాచిపెట్టడం నేర్చుకుంది. నాకు నవ్వు ఆగిపోయింది.

"నాకు సగమే చెప్పిందిమా" అన్నాడు రూపేష్, దిండుని చంకలోంచి దించుతూ. "మిగతాది ఈపొద్దు చెప్తానన్నింది, అంతలోకే నువ్వు ఏపాకు తెచ్చేస్తివి."

మునెమ్మ కొడుకునీ కోడల్నీ మార్చి మార్చి చూసి లేచింది. "పనయినాక సదువుకో, ఎవురు వద్దన్నారు. దొంగగా ఎందుకు?" అని గొణిగి, వేపాకులు తిరిగి సంచిలోకి ఎత్తుకుంది. తోడికోడలిది తప్పు లేదని తేలినందుకు ఆవిడ కాస్త నిరాశ పడినట్టు నాకు అనిపించింది. దిండు బాగు చేసి పంపమని చెప్పి ముగ్గురూ ఆటో ఎక్కారు. ఎక్కుతూ లోహిత వెనక్కి తిరిగి నావైపు చూసి, చెప్పనులే అన్నట్టు పెదాలమీద వేలు పెట్టుకుంది.

వాళ్ళు పోయాక అష్రఫ్ అడిగాడు. "అన్నీ నువ్వే చదివినావా? ఆ పిల్ల తెచ్చినవన్నీ?"

"అన్నీ."

"నాకెందుకు చెప్పలా?"

"తెలిసినప్పుడు ఆరో తరగతి అంటివి" అన్నాను.

ఆయన బల్లమీద మిగిలిపోయిన ఆకులు ఏరడం మొదలుపెట్టాడు. ఆ మాట తాను అన్నట్టు గుర్తుందో లేదో. నాకు గుర్తుంది, చాలు.

నేను లోపలికి పోలేదు. అంగట్లో బేరగాళ్ళకి చూపించడానికి పరిచిన పరుపు ఒకటి ఉంటుంది. ఇన్నేళ్ళలో దానిమీద నేను ఒక్కసారైనా కూర్చోలేదు. దానిమీద కాళ్ళు చాపుకుని కూర్చుని, సూది తీసి జాకెట్టుకి గుచ్చుకుని, వంతెన దగ్గర మొదలుపెట్టాను. "ఇది అయిందాకా నన్నెవరూ పిలవొద్దు" అన్నాను. ఎవరూ పిలవలేదు. ఇద్దరు బేరగాళ్ళు వచ్చి వెళ్ళినట్టున్నారు. ఒకసారి పక్కన టీ గ్లాసు కనపడింది, ఎవరు పెట్టారో చూడలేదు. చక్కెర ఎక్కువైందంటే అష్రఫే అయి ఉండాలి. వంతెన అవతల ఏమైందో మీకు చెప్పను, మీరూ చదువుకోండి.

మర్నాడు పొద్దున తండ్రీ కూతురూ పుస్తకం పట్టుకుని కాలేజీకి పోయారు. టీసీ తీసుకుని అటునుంచి అటే తిరుపతి పోయి సీటు ఖాయం చేసుకుని వచ్చారు. "వాళ్ళమ్మ ఇంట్లో కూర్చోనే ఇన్ని చదివింది, ఇంగ హాస్టల్లో దీన్ని ఆపేదెవరు" అన్నాడు అష్రఫ్ అత్తతో. కోపంగా అనబోయాడు గానీ కుదరలేదు. షబ్రీన్ నా చేతిలో ఒక పొట్లం పెట్టింది. తిరుపతిలో పాత పుస్తకాలవాడి దగ్గర కొన్నదట. అట్టమీద ఒక పిల్ల, చేతిలో గాలిపటం. లోపలి పేజీలో, ఎప్పుడూ తన పేరు ఉండే చోట, 'వహీదా' అని రాసి ఉంది.

గాలిపటం పిల్లని నాలుగు రోజుల్లో చదివేశాను, మిషను మీద, గుడ్డ కింద కాదు, పైనే పెట్టుకుని. ఆ తర్వాత లోహిత దిండు ముందేసుకుని కూర్చున్నాను. పాత దూది తీసి ఎండబెట్టి, కొత్త దూది కలిపి, మధ్యలో పుస్తకం పట్టేంత గుంట వదిలి నింపాను. గాలిపటం పిల్లని అందులో పెట్టాను. అత్త పక్కనే ఉండి చూస్తోంది. "మూతి కుట్టవా?" అంది. కుట్టలేదు. మూడు గుండీలు పెట్టాను. పెట్టడం కూడా లోపలికి కాదు, బయటికే పెట్టాను, ఎర్ర దారంతో, ఆ ఇంట్లో అందరికీ కనపడేట్టు.